మోకాలి అరుగుదల: తొలినాటి నొప్పి యెవరియందు ముదురును?

సార్వా ఊడ్పులు ముగిసి, కాలువగట్ల వెంబడి చేలు పచ్చబడు దినములలో మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులను చూచినచో నొక సంగతి తెల్లమగును. ఉన్నవి మూడే మెట్లయినను పలువురు గోడ పట్టుకొని యెక్కుదురు. బల్లపై కూర్చున్నవారు లేచునపుడు రెండు చేతులను మోకాళ్ళపై నానించి, ఒక నిట్టూర్పు విడిచి లేతురు. "వయస్సు వచ్చినది గదా" అని తమలో తామే సమాధానము చెప్పుకొందురు. ఇట్లు చెప్పుకొనువారిలో నలుబదియేండ్లు నిండనివారును కలరు.

గత సంవత్సరము ఒక సభ్యుడు ఎరువులకని తీసికొన్న పంటఋణమును తన భార్య మోకాలికి సూదిమందు వేయించుటకు వెచ్చించెను. మూడేసి మాసముల కొకటి చొప్పున నాలుగు సూదులు వేసిరి. ప్రతి సూదికిని కొన్ని వారములు హాయిగా నుండెను. ఆ హాయిలో ఆమె మరల ఊడ్పులకు దిగెను. సంవత్సరము తిరుగునప్పటికి ఋణము తీరలేదు. మోకాలు మునుపటికంటె వంకరయైనది. ఆ దంపతులు నాయొద్దకు వచ్చి యిట్లడిగిరి: "ఒకే ముఠాలో ఇంచుమించు ఒకే యీడువారము పదిమందిమి పని చేసితిమండి. నొప్పులు అందరికిని కలవు. ముగ్గురికి మాత్రమే కాళ్ళు వంకర తిరిగినవి. మిగిలినవారికి నొప్పి వచ్చును, పోవును. ఈ భేదమేమండి?"

నేను వైద్యుడను గాను. పైరులకు మందులు చెప్పువాడను. అయినను ఆ యిల్లాలి ప్రశ్న నన్ను వదలలేదు. వైద్యుల నడిగియు, ప్రకటితములైన పరిశోధనలను చదివియు నేను తెలిసికొన్న ముఖ్యాంశ మిది: మోకాలి అరుగుదల ఆరంభమగుటకు గల కారణములు కొన్ని, ఆరంభమైన అరుగుదల వేగముగా ముదురుటకు గల కారణములు మరికొన్ని. ఈ రెండును ఒక్కటే కావు. మనము రెండింటిని కలిపివేసి, నేరమంతయు వయస్సుపై మోపి ఊరకుందుము. వయస్సును వెనుకకు త్రిప్పలేము గాని ముదిరించు కారణములలో కొన్ని మన చేతిలోనివి.

ముందుగా మోకాలి కట్టడమును గూర్చి రెండు మాటలు. తొడయెముక క్రిందికొన, కాలియెముక పైకొన కలిసినచోట రెండుకొనలకును నున్నని పొర యొకటి కప్పియుండును. మనవారు దీనినే "గుజ్జు" అందురు. వైద్యగ్రంథములయందు మృదులాస్థి యనబడును. ఈ రెండు పొరల నడుమ లోపలివైపున ఒకటి, వెలుపలివైపున ఒకటి నెలవంక వంటి మెత్తలు రెండు కలవు. బండి యిరుసునకు కందెన వలె కీలులో కొంచెము జిగటనీరుండును. గుజ్జునకు రక్తనాళములు లేవు; ఆహారమంతయు ఆ జిగటనీటినుండియే రావలెను. అడుగు మోపినపుడు గుజ్జు నొక్కుకొనును, కాలెత్తినపుడు విడుచును. తడిగుడ్డ పిండి మరల ముంచినట్లు ఆ నీరు లోనికిని వెలుపలికిని పోవుచుండును. కనుక కదలిక లేని మోకాలికి పోషణము కొరవడును. ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి. దీనితో మరల పని పడును.

గుజ్జునకు నొప్పి తెలిసికొను నరములును లేవు. కావున గుజ్జు కొంత అరిగినను మనకు తెలియదు. నొప్పి పుట్టునది దాని క్రిందనున్న యెముకనుండియు, కీలును చుట్టిన పొర వాచుటనుండియు. అందుచేతనే ఎక్సురే పటములో మిక్కిలి అరిగినట్లు కనబడిన మోకాలితో కొందరు సుఖముగా నడచుచుందురు. పటములో స్వల్పముగా నున్న మోకాలితో కొందరు మంచము దిగలేరు. పటమును చూచి అరుగుదలను సున్న మొదలు నాలుగు వరకు మెట్లుగా లెక్కించు పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్సు అను ఇద్దరు ఆంగ్ల వైద్యులు 1957లో ప్రకటించిరి. నేటికిని అదియే వాడుక. ఒకటవ, రెండవ మెట్లను తొలిదశ యనవచ్చును. పటము తీయించువారు నిలుచుండి, కాలిపై బరువు మోపి తీయించుకొనవలెను. పడుకొనబెట్టి తీసినచో ఎముకల నడుమ సందు ఉన్నదానికంటె ఎక్కువగా కనబడి మోసము చేయును.

మరియొక హెచ్చరిక. ప్రతి మోకాలి నొప్పియు అరుగుదల కాదు. 2005 చివర మొదలుకొని 2006లో మన రాష్ట్రమును పట్టి పీడించిన చికున్‌గన్యా జ్వరము తగ్గిన పిమ్మటకూడ నెలల తరబడి కీళ్ళు పట్టుకొనియున్న సంగతి పెద్దలెరుగుదురు. అది దోమవలన వచ్చిన వేరొక వ్యాధి. ప్రొద్దున లేవగానే చేతివ్రేళ్ళు, మణికట్లు బిగిసి గంటసేపటికిగాని వదలనిచో అది కీళ్ళవాతము కావచ్చును. దానికి వేరు మందులు కలవు, ఆలస్యము చేసినచో కీళ్ళు చెడును. మోకాలు ఎఱ్ఱబడి, కాగి, జ్వరము కూడ వచ్చినచో ఆ దినముననే వైద్యశాలకు పోవలెను. అరుగుదలవలని బిగుతు సాధారణముగా అరగంటలోపల వదలును. నొప్పి పనితో హెచ్చి విశ్రాంతితో తగ్గును. మెట్లు దిగునపుడును, గొంతుకూర్చుండి లేచునపుడును మొదట తెలియును.

ఇక ఆ యిల్లాలి ప్రశ్నకు వత్తును. పదిమందిలో ముగ్గురికే కాళ్ళేల వంగినవి?

ముదిరించు కారణములలో వైద్యులు మొదట చెప్పునది కాలి వంపు. తుంటినుండి చీలమండ వరకు దారము పట్టినచో అది మోకాలి నడిమినుండి పోవలెను. దొడ్డికాళ్ళవారియందు ఆ దారము మోకాలి లోపలివైపునకు పడును. వంపు లేని కాలియందే బరువులో సగమునకు మించినది లోపలి అరపై పడును. దొడ్డికాలియందు ఇంకను హెచ్చు. 2001లో అమెరికాలోని చికాగో వైద్యులు అరుగుదల మొదలైన మోకాళ్ళను పదునెనిమిది మాసములు గమనించి ప్రకటించిన దేమనగా, దొడ్డికాళ్ళవారియందు లోపలివైపు అరుగుదల ముదురుట తక్కినవారికంటె ఇంచుమించు నాలుగురెట్లు హెచ్చు. మోకాళ్ళు ఒకదానినొకటి రాచుకొనువారియందు వెలుపలివైపు అరుగుదల అట్లే అనేకరెట్లు హెచ్చుగా నుండెను.

దీని విధానము మన కాలువగట్టును చూచినవారికి సులభముగా బోధపడును. గట్టున పీతబొరియ యున్నంతమాత్రమున గండి పడదు. నీటి ఒరపిడి ఆ బొరియ యున్న ప్రక్కకే తిరిగినచో మన్ను కరగును, కరగిన కొలది ఒరపిడి అటే హెచ్చును. మోకాలియందును అంతియే. లోపలి గుజ్జు అరిగిన కొలది కాలు లోపలికి మరింత వంగును; వంగిన కొలది బరువు అటే పడును; బరువు పడిన కొలది అటే అరుగును. ఒకసారి యీ చక్రము తిరుగనారంభించిన తరువాత దానిని ఆపుట కష్టము. అందుచేతనే తొలిదశలోనే కాలి తీరును చూచుకొనవలెను. గోడకు వీపు నానించి, చీలమండలు రెండును చేర్చి నిలుచుండుడు. మోకాళ్ళ నడుమ మూడు నాలుగు వ్రేళ్ళు సులభముగా దూరుచున్నచో ఆ సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను. ఆ ముఠాలోని ముగ్గురిలో ఇద్దరికి పెండ్లినాటికే దొడ్డికాళ్ళుండెనని విచారింపగా తెలిసినది.

కాళ్ళ వంపునకు మూలము కొందరియందు పుట్టుక, కొందరియందు చిన్ననాటి పోషణలోపము, కొందరియందు విరిగి సరిగా అతకని యెముక. మన తెలుగునాట నీరే కారణమైన సీమలును కలవు. త్రాగునీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు చెడు రోగమును భారతదేశమున మొట్టమొదట 1937లో వైద్యులు వర్ణించినది నాటి నెల్లూరు జిల్లా గ్రామములయందే. నల్లగొండ ప్రాంతపు బాలురకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి తాకుటను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు 1973లో వ్రాసిరి. రాతినేలల లోతుబావుల నీటి బాధ యది. గోదావరి కాలువలపై ఆధారపడిన మన సీమను ఆ విధముగా పట్టలేదు. మన కాళ్ళను వంచునది ఎక్కువగా పని, బరువు, పాతదెబ్బలు.

బరువును గూర్చి జనులు అనుకొనునది ఒకటి, పరిశోధనలయందు తేలినది కొంచెము వేరు. స్థూలకాయము అరుగుదలను ఆరంభింపజేయుననుటలో సందేహము లేదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హాము పట్టణమున దీర్ఘకాలము జరిగిన పరిశీలనలో, పదియేండ్లలో అయిదు కిలోల బరువు తగ్గిన స్త్రీలకు మోకాలి అరుగుదల బాధ కలుగు అవకాశము సగమునకు పైగా తగ్గినదని 1992లో ప్రకటించిరి. కాని ఆరంభమైన పిమ్మట ముదిరించుటలో బరువు ఒంటరిగా పనిచేయదు. 2004లో బోస్టను వైద్యులు చూపిన ప్రకారము, కాలు కొంత వంపు తిరిగియున్నవారియందు బరువు అధికమైన కొలది అరుగుదల ముదిరినది. కాలు తిన్నగా నున్నవారియందు ఆ సంబంధము కానరాలేదు. అనగా వంపు, బరువు రెండును జతకూడినచో నష్టము. దొడ్డికాళ్ళు గలవారు అందరికంటె ఎక్కువగా బరువును కనిపెట్టుకొనవలెను.

మరియొక లెక్క చెప్పెదను. శరీరమున ఒక కిలో తగ్గినచో నడచునపుడు ప్రతి అడుగునందును మోకాలిపై నాలుగు కిలోల ఒత్తిడి తగ్గునని 2005లో అమెరికాలో కొలిచి చూచిరి. అయిదు కిలోలు తగ్గినవానికి అడుగున కిరువది కిలోలు. చేలగట్లపై దినమునకు అయిదువేల అడుగులు వేయు రైతు తానే గుణించుకొనవచ్చును. మన యిండ్లయందు అన్నము మూడుపూటలు రాసిగా పెట్టుట మర్యాద. పూర్వము దమ్ముచేయుట, కుప్పనూర్పు, కావడి మోత యన్నియు శరీరముతోనే సాగినందున ఆ అన్నము అరిగెడిది. నేడు దమ్మునకు ట్రాక్టరు వచ్చెను, కోతకు యంత్రము వచ్చెను. కంచము మాత్రము తాతలనాటిదే. నేనును ఈ విషయమున నిర్దోషిని కాను.

దెబ్బలను గూర్చి నా సొంత కథయే చెప్పుట మేలు. పండ్రెండేండ్లక్రితము వర్షమున ఒక ప్రదర్శన క్షేత్రపు గట్టుపైనుండి జారితిని. కాలు బురదలో దిగబడి నిలిచినది. శరీరము మాత్రము ప్రక్కకు తిరిగినది. మోకాలిలో పుల్ల విరిగినట్లు చప్పుడైనది. సాయంకాలమునకు గుమ్మడికాయవలె వాచెను. నాటుకట్టు కట్టించుకొని మూడువారములు పడుకొంటిని; వాపు తీసినది గదాయని మోటారుసైకిలెక్కితిని. అటుపిమ్మట ఆ కాలు అప్పుడప్పుడు మెట్లపై నమ్మకద్రోహము చేయుచుండెను. నలుబదినాలుగవ యేట నొప్పి నిలిచిపోగా పరీక్ష చేయించితిని. లోపలివైపు నెలవంకమెత్త యెన్నడో చీలి, తన చోటునుండి కొంత వెలుపలికి జారియున్నదని తేలినది. దెబ్బతగిలిన నాడే తొడకండరమును బలపరచు వ్యాయామము మొదలుపెట్టియుండవలసినదని వైద్యుడు చెప్పెను. మెత్తగాని, కీలు నడిమి నరముగాని తెగినవారిలో పది, ఇరువది యేండ్లు గడచునప్పటికి ఇంచుమించు సగముమందికి అరుగుదల కనబడునని స్వీడను దేశపు వైద్యులు 2007లో వ్రాసియున్నారు. చోటు జారిన మెత్త గుజ్జును కాపాడలేదు గనుక అరుగుదల వేగము హెచ్చును. మోకాలు మెలిపడి అదే దినమున వాచినచో దానిని బెణుకని తోసివేయరాదు.

నాలుగవ గుర్తు చేతివ్రేళ్ళపై నుండును. వ్రేళ్ళ చివరి కణుపులయందు గట్టి బుడిపెలు లేచినవారికి మోకాలి అరుగుదల ముదురుట హెచ్చు. మోకాలికిని వ్రేలికిని ఏమి పొత్తని అడుగవచ్చును. అరుగుదల కొందరియందు ఒక్క కీలు వ్యాధి కాక శరీరమంతటి స్వభావముగా నుండును; తల్లికి, మేనత్తకు ఉన్నచో బిడ్డకును తరచుగా వచ్చును. పూర్వపు పరిశోధనల నన్నింటిని పోల్చిచూచిన హాలండు దేశస్థులు 2015లో గట్టి సాక్ష్యము గలవని యెంచిన కొలది కారణములలో దొడ్డికాళ్ళు, ఈ బుడిపెలు రెండును చేరినవి. మొదటినుండి నొప్పి యెక్కువగా నుండుటయు అందొకటి. బుడిపెలను మాన్పలేము, అవి ఉన్నవారు ముందుగా మేలుకొనవలెనని మాత్రమే దాని భావము.

ఇప్పుడు పనిమాట. చీనా రాజధాని పెకింగు నగరమున వృద్ధులను పరీక్షించి, ఫ్రేమింగ్‌హాము వృద్ధులతో పోల్చి 2001లో ప్రకటించిరి. చీనాస్త్రీలు సన్ననివారైనను వారియందు మోకాలి అరుగుదల అమెరికాస్త్రీలకంటె హెచ్చుగా కనబడెను! కారణము వెదకగా, యౌవనమున దినమునకు అనేక గంటలు గొంతుకూర్చుండినవారియందు అది అధికమని 2004లో తేలినది. మన స్త్రీల దినచర్యను తలచుకొనుడు. ఆకుమడిలో వంగియు, గొంతుకూర్చుండియు ఆకుతీత, దినమంతయు బురదలో ఊడ్పు, పిమ్మట కలుపుతీత, ఇంటికి వచ్చి నేలపై పీటవద్ద వంట, అంట్లు, బట్టలు. రెండుపంటల సీమ గనుక సార్వాకొకసారి, దాళ్వాకొకసారి యిదియంతయు జరుగవలెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైననాటినుండి ఈ డెల్టా పొందిన సౌభాగ్యమును పొగడని పుస్తకము లేదు. ఆ సౌభాగ్యమును బురదలోనుండి ఒక్కొక్క పిలకగా నాటిన మోకాళ్ళను గూర్చి వ్రాసినవారు అరుదు. పురుషులలో డెబ్బదియైదు కిలోల ధాన్యపుబస్తాను మోయు జట్టుకూలీల పనియు, కొబ్బరిదింపు పనియు మోకాలికి కఠినములే.

మేము చదివిన మిషను బడిలో పాఠము రానివారిని మోకాళ్ళపై నిలువబెట్టెడివారు. నేను గణితమున వెనుకబడినవాడ నగుటచే ఆ శిక్షను బాగుగా నెరుగుదును. పావుగంట కాగానే ప్రాణము పోయినట్లుండెడిది. మన ఊడ్పుకూలీలు గుత్తకు ఒప్పుకొన్న ఎకరము తీరువరకు నడుము, మోకాలు వంచియే యుందురు.

ఇంత చెప్పినందున "అయితే మోకాలు కదపక కూర్చుండుటయే మేలు" అని తలంపరాదు. అది మరియొక ప్రమాదము. పైన చెప్పినట్లు గుజ్జు కదలికచేతనే పోషింపబడును. సమమైన నేలపై నడకగాని, మితమైన క్రీడలుగాని అరుగుదలను ముదిరించుననుటకు సాక్ష్యము లేదని హాలండువారే 2007లో వ్రాసిరి. నొప్పికి జడిసి మంచము పట్టినవారికి తొడ ముందుభాగపు కండరము కొలది వారములలోనే క్షీణించును. ఆ కండరము అడుగు మోపునపుడు బరువు మోకాలిపై దభాలున పడకుండ కాపాడును. అది బలహీనముగా నున్న స్త్రీలయందు కీలు సందు త్వరగా తగ్గినదని 2010లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశీలన తెలుపుచున్నది.

వ్యాయామము మిక్కిలి సులభము. కుర్చీపై నిటారుగా కూర్చుండి ఒక కాలును నేలకు సమముగా చాచి, తొడను బిగించి, అయిదు లెక్కించువరకు నిలిపి మెల్లగా దింపవలెను. కాలికి పదేసిసార్లు, ఉదయము సాయంకాలము. కొన్ని వారములైన పిమ్మట కుర్చీనుండి చేతుల సాయము లేక లేచి కూర్చుండుటను చేర్చవలెను. మొదటివారము కొంచెము నొప్పి హెచ్చుట సహజము. మరునాటికి తగ్గినచో భయము లేదు, మోకాలు వాచినచో సంఖ్య తగ్గించవలెను. ఆహారనియమమును వ్యాయామమును రెండింటిని పదునెనిమిది మాసములు పాటించినవారికి, ఏదో ఒకటి మాత్రమే పాటించినవారికంటె నొప్పి ఎక్కువగా తగ్గినదని 2013లో అమెరికాలో తేల్చిరి. నడుచునపుడు చేతికఱ్ఱ పట్టువారు నొప్పియున్న కాలివైపున పట్టుదురు; అది తప్పు. ఎడమకాలు నొప్పియైనచో కఱ్ఱ కుడిచేతనుండవలెను.

ఇక సూదులు, మందులు. మోకాలిలో వేయు స్టెరాయిడు సూది వాపును అణచి కొన్నివారములు సుఖమిచ్చుట నిజమే. ఒక్కసారి, వాపు తీవ్రముగా నున్నపుడు వైద్యుడు వేసినచో తప్పుపట్టను. కాని బోస్టనులో నూటనలుబదిమందిని తీసికొని సగముమందికి ఆ మందును, సగముమందికి ఉప్పునీటిని పండ్రెండు వారముల కొకసారి రెండేండ్లపాటు వేసిరి. ఫలితము 2017లో వెలువడెను. మందు పొందినవారికి గుజ్జు ఎక్కువగా తరిగినది. రెండేండ్లు గడచిన పిమ్మట నొప్పియందు మాత్రము ఉభయులకును భేదము లేదు. మన సభ్యుని భార్యకు జరిగినది దీనికి దగ్గరగనే యున్నది. నొప్పి అణగిన మోకాలితో బురదలో దిగుట ఆ నష్టమునకు తోడైనదని నా ఊహ.

నొప్పిమాత్రలు కూలిపనివారి కొంగుముడిలో నుండుట చూచుచున్నాము. ఊడ్పుల దినములలో దుకాణమున చీటి లేకయే కొని ప్రొద్దున కొకటి, రాత్రి కొకటి మ్రింగుదురు. అవి అరుగుదలను ఆపవు. కడుపున పుండ్లు, రక్తపుపోటు, మూత్రపిండముల చేటు కలిగించవచ్చును. ఎండలో నీరు సరిగా త్రాగక పనిచేయువారికి ఈ చేటు మరింత హెచ్చు. పశువులు గల రైతులకు ఒక్కమాట జ్ఞాపకము చేసెదను: డైక్లోఫినాక్ అను నొప్పిమందు వేసిన పశువు చచ్చినపుడు దాని మాంసము తినిన రాబందులు మూత్రపిండములు చెడి కుప్పలుగా చచ్చినవి. అందుచేత పశువులకు దానిని వాడరాదని మన ప్రభుత్వము 2006లో నిషేధించినది. మనుష్యులకు వైద్యులు తగు మోతాదున వ్రాయుదురు. కాని అదే మందును మనము మిఠాయివలె తినుచున్నాము. నొప్పికి పైన రాచుకొను లేపనము దీనికంటె నిరపాయకరము.

బెండకాయ జిగురు తినినచో మోకాలిలో గుజ్జు పెరుగునను నమ్మకము మన జిల్లాలలో ప్రబలముగా నున్నది. బెండకాయ మంచి కూరయే. కాని ఆ జిగురు కడుపులో జీర్ణమైపోవును, మోకాలిని చేరదు. గుజ్జు పెంచునని అమ్ము గ్లూకోసమిను మాత్రలను పదునైదువందలమందికి పైగా రోగులపై పరీక్షించి, మొత్తముమీద వట్టి మాత్రకంటె మేలు కాదని 2006లో అమెరికాలో తేల్చిరి. దుర్భిణివంటి గొట్టము దూర్చి కీలును కడుగు శస్త్రచికిత్సయు అట్టిదే. 2002లో హ్యూస్టను వైద్యులు కొందరికి నిజముగా కడిగి, కొందరికి చర్మమును మాత్రము కోసి కుట్టిరి. రెండు తెగలవారికిని ఒకే ఫలితము! కీలుమార్పిడి వేరుమాట; అది అంత్యదశకు మంచి చికిత్స. 2017 ఆగష్టులో ప్రభుత్వము మోకాలి కృత్రిమకీళ్ళ ధరకు హద్దు విధించినందున కొంత చౌకయైనది. కాని రెండవమెట్టులో నున్న మోకాలికి దానిని సలహా యిచ్చినచో మరియొక వైద్యునికి పటము చూపక ఋణపత్రముపై సంతకము చేయరాదు.

చేనిపనిలో ఏమి మార్చవచ్చును? ఇది నా వృత్తికి సంబంధించినది గనుక కొంత ధైర్యముగా చెప్పగలను. ఆకుతీతకు గొంతుకూర్చుండుటకు మారుగా జానెడెత్తు పీట, అడుగున వెడల్పు పలక కొట్టినది, బురదలో దిగబడకుండ వాడవచ్చును. ఆకుకట్టలను గట్టున పోసి ఊడ్చువారినే మోయుమనక ఒక మనిషిని మోతకు వేరుగా పెట్టినచో బురదలో నడక తగ్గును. గుత్తపని యైనను గంటకొకసారి గట్టెక్కి అయిదునిమిషములు కాళ్ళు చాపుకొనుట ఒప్పందములో చేర్చవలెను. ఎకరమునకు అరగంటకు మించి ఆలస్యము కాదని నేను నిలుచుండి చూచితిని. ఇంటివద్ద పొయ్యిని నడుమెత్తు గట్టుపైకి మార్చుట, కుర్చీవలె కూర్చుండు మరుగుదొడ్డి యేర్పరచుకొనుట మందులకంటె ఎక్కువ మేలు చేయును.

డ్రమ్ముసీడరుతో మొలకగట్టిన విత్తనమును దమ్ముచేసిన మడిలో నేరుగా విత్తినచో ఆకుమడియు లేదు, ఆకుతీతయు లేదు, ఊడ్పును లేదు. 1925లో స్థాపింపబడిన మారుటేరు వరిపరిశోధన స్థానమును దర్శించినవారు ఈ సాధనమును ఎరిగియుందురు. నేల బాగుగా చదును కావలెను. నీరు తీయుటకు వీలుండవలెను. కలుపు మొదటి నెలలో పైబడును, దానికి నిలుచుండి త్రోయు కలుపుయంత్రము వాడవలెను. పల్లపు మడులలో సార్వాకు వర్షభయముచేత అనుకూలింపదు. దాళ్వాకు మన డెల్టాలో బాగుగా కుదురును. నాటు యంత్రము నున్నచోట అదియు మేలే.

అయితే ఒక చిక్కును దాచి వ్రాయుట న్యాయము కాదు. ఊడ్పు లేనిచో రైతుకు ఖర్చు తగ్గును, స్త్రీల మోకాళ్ళకు మేలగును. కాని ఊడ్పుకూలితో బిడ్డలను చదివించుకొను ఇల్లాండ్రకు ఆ కొలదివారముల సంపాదన పోవును. నేను ఒక గ్రామమున డ్రమ్ముసీడరు ప్రదర్శించిన దినమున గట్టుపై నిలిచిన ఒక ముసలమ్మ, "మోకాలు మిగులునండి, మరి కూడెక్కడిదండి?" అనినది. నేను నిలువున నీరైపోతిని. ఆ సాధనములను ముఠాస్త్రీల పేరనే సంఘము అద్దెకిచ్చి, విత్తుపనిని కలుపుయంత్రపు పనిని వారికే గుత్త కిచ్చినచో కొంత సమాధానపడునేమో. దీనిని పాలకవర్గమువారి యెదుట పెట్టియున్నాను. ఇంకను తీర్మానము కాలేదు.

మొదట చెప్పిన దంపతులు ఐదవ సూది వేయించలేదు. ఆమె కాలివంపు ఇప్పటికే యున్నదే గాని కఱ్ఱ చేయి మార్చుకొన్నది, ఉదయము కుర్చీపై కాలు చాచుచున్నది, ఆరుమాసములలో నాలుగుకిలోలు తగ్గినది. మెట్లు దిగుట ఇప్పటికిని కష్టమే. రాత్రి నిద్ర మాత్రము పట్టుచున్నదట. ఈ దాళ్వాకు ఆమె ఆకుమడిలో దిగక, గట్టున కూర్చుండి కట్టలు కట్టు పనికి ఒప్పుకొన్నది. దానికి కూలి కొంచెము తక్కువ. పీటలు ఆరు మా ఊరి వడ్రంగిచేత చేయించితిని. రెండు సంఘకార్యాలయమున నున్నవి. కావలసినవారు కొలత తీసికొని పోవచ్చును.